నేను ఎత్తుకుపోయిన తలుపు

ముప్పై ఒక్కేళ్ళ ప్రభుత్వ ఉద్యోగంలో నాకు వచ్చింది ఒకే ఒక్క మెమో. "ప్రభుత్వ వాహనంలో అనుమతి లేకుండా ఒక చెక్క తలుపును తరలించినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో ఏడు రోజుల్లో తెలుపవలెను" అని కన్నడంలో ఉంటుంది. రిటైరైన రోజు శాలువా కప్పి ఒక గోడ గడియారం ఇచ్చారు. గడియారం నెల తిరగకుండానే ఆగిపోయింది. మెమో మాత్రం బీరువాలో బైబిలు పక్కన భద్రంగా ఉంది. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి "మేడం, మీ అనుభవం నాలుగు మాటలు చెప్పండి" అంటారు. చాయ్ ఇచ్చి ఆ మెమో చూపిస్తాను.

ఇందులో ఎవరి పేర్లూ చెప్పను. కొన్ని ఆనవాళ్ళు కావాలనే మార్చాను. చదువుతూ చదువుతూ "ఆ, ఇది ఫలానా చర్చి, ఆయన ఫలానా ఆయన" అని వేలు చూపించబోయేవాళ్ళకు ముందే చెప్తున్నాను, మీ వేలు వేరెవరి ఇంటి మీదో పడుతుంది.

బీదర్‌లో నేను ప్రొబేషన్ ఆఫీసరుగా పనిచేశాను. నేరం చేసినవాడి ఊరికి వెళ్ళి, ఇల్లూ వాకిలీ చూసి, వాడెలాంటివాడో, ఎందుకలా చేశాడో కోర్టుకు నివేదిక రాయాలి. శిక్ష పడ్డవాళ్ళతో జైలుకు వెళ్ళి మాట్లాడాలి. ఆఫీసులో నేను, ఒక పెద్ద గుమాస్తా, ఒక జీపు, ఆ జీపుకో డ్రైవరు. డ్రైవరుది ఖటక్ చించోళి దగ్గర పల్లె. తాతల నాటి నుంచి అక్కడే సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. వయసులో పెద్దవాడని నేను మామా అనేదాన్ని. ఆయన నన్ను మేడం అంటూనే నా మాట ఒక్కటీ వినేవాడు కాదు. మా జీపు బ్రేకులదీ అదే పద్ధతి.

పిల్లల మీద లైంగిక నేరాలు చేసినవాళ్ళ ఫైళ్ళు వస్తే పక్క జిల్లాల ఆఫీసర్లు కూడా నా బల్ల మీదికే నెట్టేవారు. ఆడమనిషికి ఓపిక ఎక్కువ అని వాళ్ళ లెక్క. నాకున్నది ఓపిక కాదు, పొగరు. మనిషి మొహం చూస్తే చాలు లోపలి సరుకేమిటో చెప్పేస్తానని ఊరంతా చెప్పుకుని తిరిగేదాన్ని. ఆ పొగరుతోనే బళ్ళలో అతికించడానికి ఒక బొమ్మ వేయించాను. ఎర్రటి కళ్ళు, గుబురు మీసాలు, చేతిలో చాక్లెట్టు, ఎదురుగా రెండు జడల పాప. కింద మూడు భాషల్లో 'ఇలాంటివారితో జాగ్రత్త'. పెయింటరు పాపం రాక్షసుణ్ణి ఎక్కడ చూశాడు? ఎదురు కుర్చీలో మా పెద్ద గుమాస్తా కూర్చుని ఉంటే ఆయన్ని చూసి వేసేశాడు. గుమాస్తా భార్య మనవణ్ణి బడిలో దింపబోయి గోడ మీద మొగుణ్ణి చూసింది. ఆయన రెండు నెలలు నాతో మాట్లాడలేదు. నిజానికి పిల్లలతో అంత మర్యాదగా మెలిగే మగవాణ్ణి నేను ఆ జిల్లాలో ఇంకొకణ్ణి చూడలేదు.

ఆ బొమ్మ ఒకటి మిగిలితే జైల్లో నేను కూర్చునే గదిలో అంటించాను. ఒకరోజు ఒక ఖైదీ దాన్ని చూసి నవ్వాడు. యాభై దాటిన మనిషి, ఊళ్ళో అందరికీ తలలో నాలుకలా బతికినవాడు. రెండేళ్ళుగా "నేనేం చేయలె, నన్ను ఇరికిచ్చిండ్రు" అన్న మాట తప్ప నాతో ఇంకో మాట అనలేదు.

"ఎందుకు నవ్వుతున్నవ్?" అన్నాను.

"ఈన లెక్క ఉంటే మమ్మల్ని గల్లీల అడుగు పెట్టనిస్తరా మేడం? ఈ బొమ్మ పెట్టి మీరు మాకే సాయం జేస్తున్నరు."

నాకు మండింది. అయినా నోరు మూసుకున్నాను. ఆరోజు ఎందుకో అతనికి చెప్పాలనిపించింది, చెప్పాడు. "నేను మొదలు పిలగాని దగ్గరికి పోలె మేడం. ఇంటోళ్ళ దగ్గరికి పోయిన. వాళ్ళ ముసలామెను దవాఖానకు తోల్కపోయిన. సిలిండర్ మోసిన. ఆర్నెల్లకు వాళ్ళే పిలగాన్ని తెచ్చి నా చేతుల పెట్టిండ్రు."

"నీకు తప్పనిపించలేదా?"

బొమ్మనే చూస్తూ అన్నాడు. "తప్పనిపియ్యకుంట నాకు నేనే చెప్పుకున్న. ఈ పిలగాడు అందరి లెక్క గాడు అనుకున్న. నేను లేకుంటే వానికెవరున్నరు అనుకున్న. నన్ను మనిషి లెక్క చూసేది వాడొక్కడే అనుకున్న. గట్లనే అనుకుంట అనుకుంట పోయిన."

ఆ మూడు మాటలూ నోటుబుక్కులో రాసుకున్నాను. తర్వాత నా పాత నోటుబుక్కులు తిరగేస్తే వేరే వేరే మనుషులు, ఒకడు కన్నడంలో, ఒకడు దక్కనీ ఉర్దూలో, ఇద్దరు తెలుగులో, అవే మాటలు చెప్పినట్టు నా చేతిరాతలోనే ఉంది. రాసుకున్నాను కానీ చదువుకోలేదు. వాళ్ళు మాట్లాడుతుంటే నేను మొహాలు చూస్తూ కూర్చున్నాను మరి.

అసలు ఎందుకు చేస్తారు మేడం అని ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన మీరందరూ అడుగుతారు. ఒక్క ముక్కలో జవాబు కావాలని నాకూ ఉండేది. కొందరికి చిన్నప్పుడు అలాంటిదే జరిగింది. కానీ అలా జరిగినా ఎవరికీ ఏ కీడూ చేయకుండా బతుకుతున్నవాళ్ళు నాకు లెక్కలేనంత మంది తెలుసు, ఈ మాట చెప్పి వాళ్ళను అవమానించకండి. కొందరి మనసు పిల్లల వైపే పోతుంది. అది తనకు తెలిసి, భయపడి, ఏమీ చేయకముందే వైద్యుణ్ణి వెతుక్కుంటూ పోయినవాణ్ణి కూడా ఒకణ్ణి చూశాను. వాడికి నేను లేచి దండం పెట్టాను. మరికొందరికి అదేమీ లేదు, పెళ్ళాం బిడ్డలున్నవాళ్ళే. పెద్దవాళ్ళ మధ్య తమకు దొరకని పెత్తనం, పొగడ్త చిన్నవాడి దగ్గర తేలిగ్గా దొరుకుతుందని మరిగినవాళ్ళు. తాగి ఉన్నాను అన్నవాణ్ణి, "తాగినప్పుడు కూడా పెద్ద ఇంటి పిల్లల జోలికి పోలేదేం, దిక్కులేని పిల్లే ఎలా కనబడింది?" అని అడిగితే నేల చూసేవాడు. ఎవడూ ఒక్కరోజులో అక్కడికి చేరలేదు. మెట్టుకొక అబద్ధం తనకు తానే చెప్పుకుంటూ దిగాడు, ప్రతి మెట్టు దగ్గరా మనం ఎవరో ఒకరం "మంచి మనిషి" అని దారి ఇచ్చాం. అర్థం చేసుకోవడం అంటే క్షమించడం అని ఎవరైనా మీకు చెబితే నా దగ్గరికి పంపండి.

ఇక తలుపు సంగతి. మాది బీదర్‌లోనే క్రైస్తవ కుటుంబం. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో చాయ్ తాగకుండా ఎవరూ ఇంటికి పోరు. మా సండే స్కూలుకు రెండు నియమాలు నేనే పట్టుబట్టి పెట్టించాను. ఒకటి, ఆడపిల్లలను మగవాళ్ళ దగ్గర ఒంటరిగా ఉంచకూడదు, సిస్టర్లే, అంటే చర్చి ఆడవాళ్ళే, చూసుకోవాలి. రెండు, పిల్లలతో పనిచేసేవారి గుణగణాల గురించి బాధ్యత గల వ్యక్తి ఒక పత్రం రాసివ్వాలి. ఊళ్ళో నాకంటే బాధ్యత గల వ్యక్తి ఎవరున్నారు, అన్ని పత్రాలూ నేనే రాశాను. పిల్లలకు పాటలు నేర్పే ఒకాయన ఉండేవాడు, అందరం పాటలన్న అనేవాళ్ళం. ఆయనకు 'పదేళ్ళుగా ఎరుగుదును, మృదుస్వభావి, పిల్లలపై అపారమైన ప్రేమ గలవారు' అని రాశాను. ఆయన దానికి ఫ్రేము కట్టించి పాటల గదిలో గోడకు తగిలించాడు.

ఒక ఆదివారం చాయ్ గ్లాసు పట్టుకుని ఆయన నా పక్కకొచ్చాడు. తొమ్మిదేళ్ళ పిల్లవాడొకడు ఉండేవాడు, కంచు గొంతు. తండ్రి లేడు, తల్లి మన్నాఏఖేళ్ళిలో ఒక బట్టల దుకాణంలో పనిచేసి రాత్రికి వస్తుంది, పెంచేది నానమ్మ. క్రిస్మస్‌కు వాడొక్కడి చేతే ఒక పాట పాడిస్తున్నారు. నేను వాణ్ణి మెచ్చుకున్నాను.

"వాడు అందరి పిల్లల్లెక్క గాదక్కా," అన్నాడు పాటలన్న నవ్వుతూ. "పాపం, నేను లేకుంటే వానికెవరున్నరు? నిజం చెప్తున్న, ఈ లోకంల నన్ను మనిషి లెక్క చూసేది వాడొక్కడే."

చాయ్ నా చీర మీద ఒలికింది. మూడు మాటలూ అదే వరసలో వచ్చాయి. ఆయన వెంటనే జేబురుమాలు తీసి ఇచ్చాడు, అంత మర్యాదస్థుడు.

నా చేతిలో ఏముంది చెప్పండి? పిల్లవాడు ఏమీ చెప్పలేదు. ఒక మనిషి మూడు మంచి మాటలు అన్నాడని పోలీసుల దగ్గరికి పోతే వాళ్ళు నాకే మంచినీళ్ళు ఇచ్చి ఇంటికి పంపుతారు. సోమవారం పాస్టరయ్య దగ్గరికి పోయాను. ఆయన ఓపికగా విని, "అక్కా, జైలుకు పోయి పోయి నీకు అందరు ఖైదీల్లెక్కనే కనబడుతున్నరు," అన్నాడు. "అయినా ఆడపిల్లలను సిస్టర్లే చూస్తున్నరు గద. ఆయన దగ్గరున్నది మగపిల్లలే. మగపిల్లలకేం భయం?"

ఆయన్ని ఏమంటాను? నియమం నాది. బొమ్మలో రెండు జడల పాపను వేయించింది నేను. మగపిల్లలందరినీ మూటగట్టి ఆ గదిలోకి పంపింది నా నియమమే. మంగళవారం నానమ్మ దగ్గరికి పోయి, వారం రోజులు పిల్లవాణ్ణి పంపకమ్మా అంటే ఆమె కోప్పడింది. "ఆ అన్న లేకుంటే నా మోకాళ్ళ నొప్పికి దవాఖాన మొహం చూసేదాన్నా? పాట పాడుకునేటోని నోరు ఎందుకు కొడ్తవ్ బిడ్డా?" అంది. దవాఖాన మాట వినగానే జైల్లో ఆ ఖైదీ చెప్పిన ముసలామె గుర్తొచ్చింది.

శనివారం సాయంత్రం మళ్ళీ పాటల అభ్యాసం ఉంది. నాకు కావలసింది ఒకటే, ఆ గది తలుపు మూతపడకూడదు. శుక్రవారమంతా ఆలోచించి శనివారం మధ్యాహ్నం డ్రైవరు మామను అడిగాను. "మామా, తలుపు ఊడదీయనీకె వస్తదా?"

"బిగియ్యనీకె రాదు మేడం. ఊడదీసుడు ఎవనికన్న వస్తది," అన్నాడు.

పట్టపగలు రెండు గంటలకు జీపు చర్చి ఆవరణలో పెట్టాం. కాపలాదారు వేపచెట్టు కింద నిద్రలోంచి లేచి వచ్చాడు. "చెదలు," అన్నాను. ప్రభుత్వ ఆఫీసరు చెదలంటే చెదలే. పాపం ఆయనే వచ్చి ఒక చివర పట్టుకున్నాడు కూడా. నాకు లోపల్లోపల ఒకటే నవ్వు. ఇన్నేళ్ళు దొంగల మీద నివేదికలు రాసినదాన్ని, దొంగతనం ఇంత సరదాగా ఉంటుందని ఏ ఒక్కడూ నాకు చెప్పలేదే అనుకున్నాను.

మామ పై మడతబందు మరలు తిప్పుతూ ఆగిపోయాడు. "మేడం, జర ఇటు చూడుండ్రి. తలుపు పాతది. గొళ్ళెం కొత్తది."

తలుపుకు బయట పాత గొళ్ళెం తుప్పు పట్టి ఉంది. లోపలి వైపు, చాలా పైన, పెద్దవాళ్ళకు తప్ప అందనంత ఎత్తులో, ఒక కొత్త గొళ్ళెం మెరుస్తోంది. పిల్లలు పాటలు పాడుకునే గదికి లోపలి నుంచి గొళ్ళెం ఎందుకు? నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ముగ్గురం తలుపును జీపు మీద కట్టాం. మామ దాన్ని తీసుకుపోయి తన ఊళ్ళో దూడల కొట్టానికి అడ్డం పెట్టుకున్నాడు.

సాయంత్రం అభ్యాసం వేళకు ఆ గది ఎదురుగా కుర్చీ వేసుకుని మెంతికూర ఒలుస్తూ కూర్చున్నాను. సిస్టర్లు వచ్చి "తలుపు ఎటు పోయింది?" అన్నారు. పిల్లలు "తలుపు ఎవరెత్తుకపోయిండ్రు?" అని ఎగిరారు. పాటలన్న ఒక్కడే "కొత్తది ఎప్పుడు పెడ్తరు?" అని అడిగాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఇక్కడ దోమలు గద," అన్నాడు.

"నాకు దోమలంటే మస్తు ఇష్టం," అన్నాను. మూడు కట్టల మెంతికూర ఒలిచాను ఆ పూట. ఇంట్లో వారం రోజులు మెంతిపప్పే.

మర్నాడు పాస్టరయ్య, దేవుని ఇంటి తలుపు ఎత్తుకుపోయిన దొంగ మనసు మారాలని ప్రార్థన చేయించాడు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే. ఆరాధన అయ్యాక కుళాయి దగ్గర చాయ్ గ్లాసులు కడుగుతుంటే పక్కన ఆ తొమ్మిదేళ్ళవాడు వచ్చి నిలబడ్డాడు.

"ఆంటీ, తలుపు మల్ల పెడ్తరా?"

"ఏం బిడ్డా?"

"పెట్టొద్దు."

ఈ ఉద్యోగంలో నేను సరిగ్గా నేర్చుకున్నది ఒకటే, అలాంటప్పుడు ప్రశ్నలు అడగకూడదు. గ్లాసులు పక్కన పెట్టి గట్టు మీద కూర్చున్నాను. వాడూ కూర్చున్నాడు. కాసేపటికి వాడే చెప్పాడు. ఏం చెప్పాడో రాయను, అది వాడిది. "నేను నమ్ముతున్న. తప్పు నీది గాదు," అన్నాను. "ఎవ్వరికి చెప్పొద్దు ఆంటీ," అన్నాడు. "గా మాట నేను ఇయ్యలేను బిడ్డా. దీన్ని ఆపేటోళ్ళకు చెప్పాలె. వేరెవ్వరికి చెప్ప," అన్నాను. వాడు తల ఊపాడు. నాకు ఏడుపు వచ్చింది. వాడు చూడకుండా మొహం కడుక్కున్నాను. ఎప్పటి నుంచో తెలుసా? నేను రాసిన పత్రం గోడకెక్కిన రెండో ఏడు నుంచి.

అదే రోజు నానమ్మను, పని మాని పరుగున వచ్చిన తల్లిని వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకు పోయాం. నానమ్మ దారంతా ఒకటే మాట, "నేనే పంపిన గద, నా చేతులతోనే తయారు జేసి పంపిన గద." ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను.

ఇక్కడ మీరు నేర్చుకోవలసింది ఉంది. మర్నాడు ఇన్‌స్పెక్టరు పాటల గది చూడటానికి వచ్చి, "తలుపు ఎక్కడ?" అన్నాడు. "నా దగ్గరుంది," అన్నాను. "మీ దగ్గర ఎందుకుంది?" అన్నాడు. చెప్పాను. ఆయన టోపీ తీసి, తల గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు. ఖటక్ చించోళి దాకా పోయి, దూడను పక్కకు తోలి, పేడ కడిగి ఆ తలుపును సాక్ష్యంగా తెచ్చారు. నాకు మెమో వచ్చింది అప్పుడే. దాని సంగతి సరే. కోర్టులో పాటలన్న వకీలు లేచి, తలుపు ఆ గదిలో ఉన్నప్పుడు పోలీసులు చూడలేదు, ఈ మేడమే తీసుకుపోయి గొళ్ళెం బిగించలేదని నమ్మకమేమిటి అన్నాడు. నా తెలివికి మురిసిపోయి ఆ పిల్లవాడి మాటకే ఎసరు పెట్టానని అప్పుడు అర్థమైంది. ఫోటో తీసి, చూసిన వాళ్ళను పిలిచి, ఉన్నచోట ఉంచితే సరిపోయేది. ఎదురుగా కుర్చీ వేసుకుని మెంతికూర ఒలవడానికి తలుపు దొంగిలించనక్కర్లేదు. మీరు మాత్రం తలుపులు ఎత్తుకుపోకండి.

గట్టెక్కించింది కాపలాదారు. "గొళ్ళెం ఆయననే బిగిచ్చిండు సాబ్, నా దగ్గర్నే పేచుకస్ అడిగి తీస్కపోయిండు," అన్నాడు. పేచుకస్ అంటే మరలు తిప్పే పనిముట్టు. "నీకు అనుమానం రాలేదా?" అని జడ్జి అడిగితే, "మంచి మనిషి గద సాబ్, ఎందుకొస్తది?" అన్నాడు. ఆయన్ని చూసి కోర్టులో ఎవరో నవ్వారు. నేను నవ్వలేదు. ఆయన ఇచ్చింది పేచుకస్, నేను ఇచ్చింది సంతకం.

ఆ సంతకం కూడా వచ్చింది కోర్టుకు, ఫ్రేముతో సహా. వకీలు దాన్ని పైకెత్తి చదివాడు. మృదుస్వభావి. అపారమైన ప్రేమ. "ఇది మీరు రాసిందేనా?" అన్నాడు. అవునన్నాను. "మరి అబద్ధం అప్పుడు చెప్పారా, ఇప్పుడు చెప్తున్నారా?"

"అప్పుడు మొహం చూసి రాసిన సార్," అన్నాను. "ఇప్పుడు పిలగాడు చెప్పింది విన్న."

పాటలన్నకు శిక్ష పడింది. కొన్నాళ్ళకు జైల్లో ఆయనతో మాట్లాడమని ఫైలు మామూలుగానే నా బల్ల మీదికి వచ్చింది. ఈయన గురించి నేను ఇప్పటికే ఒకసారి రాశాను, రెండోసారి వేరేవాళ్ళు రాస్తే మంచిదని తిప్పి పంపాను. బళ్ళలో బొమ్మలన్నీ నేనే తిరిగి తిరిగి చింపేశాను. మా పెద్ద గుమాస్తా అది చూసి ఆఫీసుకు జిలేబీ తెచ్చాడు.

కేసు ముగిశాక కోర్టు తలుపును చర్చికి తిరిగి ఇచ్చింది. పాస్టరయ్య ఫోన్ చేశాడు. కేసు నడిచిన ఏడాదిన్నరలో ఆయన బాగా తగ్గిపోయాడు, గొంతు కూడా. "అక్కా, తలుపు ఏం జేద్దాం?"

"అడగాల్సినోన్ని అడుగుండ్రి అయ్యా," అన్నాను.

అడిగాడు, అది మాత్రం ఆయన గొప్పతనమే. పిల్లవాడు అప్పటికి పాట మానేశాడు. ఎందుకని మేమెవరమూ అడగలేదు. వాడి తల్లి ఢోలక్ కొనిచ్చింది, దాన్ని చెవులు చిల్లులు పడేలా వాయించేవాడు. వడ్రంగి, పాస్టరయ్య, నేను, డ్రైవరు మామ తలుపు చుట్టూ నిలబడ్డాం. వాడు తలుపును అటూ ఇటూ చూసి, తలుపులో కిటికీలాగ గాజు అద్దం పెట్టండి, లోపలికి కనబడాలి అన్నాడు. వడ్రంగి పెన్సిలు తీసి తన కళ్ళ ఎత్తులో గీత గీయబోయాడు.

"గాడ గాదు," అని వాడు తలుపుకు ఆనుకుని నిలబడి తన ముక్కు దగ్గర వేలు పెట్టాడు. "ఈడ."

"గంత కిందికైతే పెద్దోళ్ళకు కనబడదు గదరా," అన్నాడు వడ్రంగి.

"వంగితే కనబడ్తది," అన్నాడు వాడు.

వాడు వేలు పెట్టిన చోటే అద్దం పెట్టారు. నాకిప్పుడు నడుం నొప్పి, డాక్టరు వంగవద్దన్నాడు. ఆదివారం ఆదివారం చాయ్ గ్లాసు పక్కన పెట్టి, గోడ పట్టుకుని, వంగి చూసి వస్తాను.